ఊపు మిగిలిన ఇటుక

మా నాన్న మా అత్తను ఇటుకతో కొట్టాడు. అప్పుడు ఆయన నేల మీద ఉన్నాడు, ఆమె మొదటి అంతస్తు స్లాబు మీద ఉంది. మా ఇంట్లో దాన్ని "అత్త కాలు జారిన రోజు" అంటారు. పక్కింటివాళ్ళూ అలాగే అంటారు. పెద్దవాణ్ణయ్యేదాకా నేనూ అలాగే అన్నాను.

అత్త నాన్నకు అక్క. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు ఈవిడే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే ఆ తమ్ముడి దగ్గరికే వచ్చింది. ఇద్దరూ కట్టుబడి పనులకు జోడీగా వెళ్ళేవాళ్ళు. నాన్న కింద నిలబడి ఇటుకలు పైకి విసిరేవాడు. అత్త పైన నిలబడి అందుకుని పక్కన పేర్చేది. మేస్త్రీలు వీళ్ళను విడివిడిగా పిలిచేవాళ్ళు కాదు. "జోడెద్దులు ఖాళీగా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు. ఎద్దు అన్నందుకు అత్త కోప్పడేది కాదు. "ఎద్దులం మేమే, మేతంతా మీకే" అనేది.

ఆ పనిలో బలం గొప్ప అనుకుంటారు చూసేవాళ్ళు. బలం సంగతి తర్వాత. ఇటుక పైకి చేరేసరికి దానిలో ఊపు అయిపోవాలి. అందుకునే మనిషి చేతుల దగ్గరికి వచ్చి, ఇక పైకి పోలేక, ఇంకా కిందికి పడక, ఒక్క క్షణం గాలిలో ఆగాలి. ఆ క్షణంలో దాన్ని తీసుకోవడమే, అరలోంచి డబ్బా తీసుకున్నట్టు. విసిరేవాడికి చెయ్యి కుదిరితే పట్టేవాడికి అలుపుండదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవలసిన పని కూడా ఉండదట. మాట్లాడుకుంటూ, పక్కవాళ్ళను ఆటపట్టిస్తూ పొద్దంతా చేసేవాళ్ళట.

కొంచెం ఊపు మిగిలి వస్తే చేతులు వెనక్కి ఇవ్వాలి. గోడలా బిగుసుకుని పట్టుకుంటే వేళ్ళు నలుగుతాయి. చేతులు వెనక్కి పోతూ పోతూ ఆ ఊపును తాగేయాలి. మరీ ఊపుతో వస్తే పక్కకు తప్పుకుని వదిలేయాలి. ఈ మాట పనిలో చేరిన మొదటి రోజే చెబుతారు. వదిలేస్తే పోయేది ఒక ఇటుకే. కాకపోతే పరువు పోయేది విసిరినవాడికి. "ఏంట్రోయ్, ఆకాశానికి కన్నం పెడుతున్నావా?" అని కింద ఉన్నవాళ్ళంతా మొదలుపెడతారు. అత్త జోడీగా ఉన్నంతకాలం నాన్నను ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె ఒక్క ఇటుకా వదలలేదు.

ఆ రోజు సంగతి నాకు చెప్పింది అప్పట్లో వాళ్ళతో పాటు ఇసుక జల్లించిన ఆమె. ఇప్పుడామె మా సందు చివర బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నేను చొక్కా ఇవ్వడానికి వెళితే, ఎందుకు గుర్తొచ్చిందో, పెట్టె పక్కన పెట్టి మొత్తం చెప్పింది.

పక్క భవనంలో నేలకు టైల్స్ వేసే ఒకాయన అత్త పనిని గమనించాడు. ఎన్ని ఇటుకలు పేర్చినా ఒక్క అంచు వంకర పోకపోవడం చూశాడు. "నాతో రామ్మా, పని నేర్పుతా. నేర్చుకున్నాక నీ పనులు నువ్వే పట్టుకో. ఎవడి చేతి కిందా ఉండక్కర్లేదు" అన్నాడు. అత్త కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఆ మాటను దాచుకుంది. ఇటుక పెట్టిన చోట రేపు ఇంకొకడు గోడ కడతాడు, దాని మీద ఇంకొకడు సున్నం వేస్తాడు. టైలు అలా కాదు. వేసినవాడి పని అందరి కళ్ళకూ ఎదురుగా ఉంటుంది. తన చేతి పని అలా కనబడాలని అత్త కోరిక. ఆమె తన కోసం ఏదైనా కోరుకుందని నేను విన్నది అదొక్కటే.

పొద్దున టీ దగ్గర నాన్నతో చెప్పింది.

"వచ్చే వారం నుంచి నేను టైల్స్ పనికి పోతున్నారా."

"పోయి?"

"పోయి నేర్చుకుంటా."

"ఈ వయసులో ఓనమాలా? మరి నా ఇటుకలెవరు పట్టుకుంటారు, మన తాతొస్తాడా?"

"నీ పెళ్ళాన్ని తెచ్చుకో. ఇంట్లో నువ్వు విసిరే మాటలన్నీ పట్టుకుంటోందిగా, ఇటుకలొక లెక్కా?"

అందరూ నవ్వారట. మేస్త్రికి టీ పొలమారిందట. నాన్న నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి ఇటుకల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ముందు మామూలుగానే విసిరాడు బాబూ" అంది ఇస్త్రీ ఆమె. "మీ అత్త పైనుంచి ఇంకో మాటేదో అంది, అదీ నవ్వులాటకే. అప్పుడు చూశా. ఆ ఇటుక మీ నాన్న విసర్లేదు. కొట్టాడు."

స్లాబు అంచున నిలబడ్డ అత్తకు వెనకే మెట్ల కోసం వదిలిన ఖాళీ ఉంది. ఇటుక ఊపంతా మిగుల్చుకుని ఆమె దగ్గరికి వచ్చింది. చేతులు వెనక్కి ఇచ్చింది, చాలలేదు. ఒక అడుగు వెనక్కి ఇచ్చింది, చాలలేదు. రెండో అడుగు వేయబోతే స్లాబు లేదు.

ఖాళీ కింద గచ్చు పని కోసం ఇసుక పోసి ఉంది. అది లేకపోతే అత్త కథ అక్కడితోనే అయిపోయేది. మేస్త్రి పరుగెత్తుకొచ్చి, మనిషి బతికే ఉందని తెలిశాక, భయం తీరక ఏదో ఒకటి అనాలని అన్నాడట, "మనిషి విరిగింది గానీ ఇటుక విరగలేదు, ఏ బట్టీదో కనుక్కోండ్రా" అని. ఆ మాట చాలాకాలం ఆ వీధుల్లో తిరిగింది. జోకుగానే తిరిగింది. విరగని ఇటుక ఎక్కడ ఉందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మెడ దగ్గర నరాలు నలిగాయి. నెమ్మదిగా కాళ్ళు స్వాధీనంలోకి వచ్చాయి, చేతులు వచ్చాయి. వేళ్ళు మాత్రం మొద్దుబారిపోయాయి, రెండు చేతులవీ. మడవమంటే మడుచుకుంటాయి. పట్టుకోమంటే పట్టుకుంటాయి. ఏం పట్టుకున్నాయో వాటికి తెలియదు. డాక్టరు సూదితో పొడుస్తూ "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" అని అడిగితే, అత్త తల అటు తిప్పుకుని ఉండి, "మొదలుపెట్టారా?" అందట.

టైల్సాయన చూడడానికి వచ్చాడు. కాసేపు కూర్చున్నాడు. సంచిలోంచి ఒక టైలు ముక్క తీసి, "కళ్ళు మూసుకోమ్మా" అని ఆమె చేతిలో పెట్టి, "అంచు ఎటుంది, నునుపు ఎటుంది?" అని అడిగాడు. అత్త చాలాసేపు దాన్ని తిప్పింది. చివరికి కళ్ళు తెరిచి చూసి చెప్పింది. ఆయన ముక్కను సంచిలో వేసుకున్నాడు. నాన్న ఆయనకు టీ ఇప్పించి సిమెంటు ధరల గురించి మాట్లాడాడు.

ఆ తర్వాత అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. ముందు గదిలో కిటికీ కింద మంచం. ఉదయం వాకిలి ఊడ్చేది, నీళ్ళు పట్టేది, బట్టలు ఆరేసేది. వంటింట్లోకి మాత్రం అమ్మ రానిచ్చేది కాదు. ఒకసారి పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించి, అలాగే పట్టుకుని అమ్మతో మాట్లాడుతూ నిలబడింది. వాసన వచ్చాక గానీ ఇద్దరికీ తెలియలేదు. అమ్మ ఆమె చేతులను నీళ్ళ బిందెలో ముంచి ఏడ్చింది, తిట్టింది. "ఈవిడ చేతికి తెలీదు, ఈయన మనసుకి తెలీదు. మధ్యలో నాకొక్కదానికే అన్నీ తెలిసి చస్తున్నాను!"

"అయితే నువ్వే నయం కదే మరదలా" అంది అత్త. "మాకేం తెలుసు, హాయిగా ఉన్నాం."

నాన్నా అత్తా మాట్లాడుకునేవాళ్ళు. అది చెప్పాలి. మాట్లాడుకోకపోతే కనీసం ఏదో జరిగిందని తెలిసేది. "తమ్ముడూ, నీళ్ళొచ్చాయి." "సరే." "అక్కా, తలుపు వేసుకో." "ఊఁ." ఆయన ఆమెను ఒక్కసారీ క్షమించమని అడగలేదు. ఆమె ఆయన్ని ఒక్కసారీ నిలదీయలేదు. ఎవరైనా చుట్టపుచూపుగా వచ్చి చేతులకేమైందని అడిగితే ఆమే చెప్పేది, "కాలు జారింది" అని. నాన్న ఆ సమయానికి బయటికి వెళ్ళి చెప్పుల దుమ్ము దులుపుకునేవాడు. చెప్పులకు దుమ్ము లేకపోయినా.

కొన్నాళ్ళకు ఇటుకలు విసిరే పనే పోయింది. ఇటుకల్ని పైకి లాగే యంత్రం వచ్చింది. నాన్న ఇప్పుడు దాని దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే తొట్టి పైకి పోతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా పైకి, కిందికి. సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు చేరబడతాడు. ఆయన ముఖంలో ఏమీ ఉండదు. అపరాధం ఉందేమోనని నేను చాలాసార్లు వెతికాను. ఉంటే ఆయన మీద నాకు ఇంత కసి ఉండేది కాదు.

నేను పార్సిల్ ఆఫీసులో పని చేస్తాను. బడి మధ్యలో మానేశాను, చదవడం మానలేదు. చిరునామా చిరిగిపోయి ఎవరికీ చేరని పార్సిళ్ళను ఒక గదిలో పడేస్తారు. అందులో ఒక కట్ట ఊడిపోయి ఉంటే అట్ట లేని భౌతికశాస్త్రం పుస్తకం దొరికింది. మధ్యాహ్నం తిండి అయ్యాక ఆ గదిలోనే కూర్చుని చదివేవాణ్ణి. అందులో ద్రవ్యవేగం అని ఒక పాఠం. వస్తువు బరువు ఎంత, అది ఎంత వేగంగా పోతోంది అనే రెండిటినీ గుణిస్తే దాని ద్రవ్యవేగం. మేము ఊపు అంటాం. దాన్ని మార్చాలంటే బలం కావాలి, ఆ బలం పని చేయడానికి కొంత కాలం కావాలి. ఆ రెండిటినీ గుణిస్తే వచ్చేది ప్రచోదనం. పెద్ద బలం రెప్పపాటు పని చేసినా, చిన్న బలం చాలాసేపు పని చేసినా ఊపులో వచ్చే మార్పు ఒకటే కావచ్చు. బంతి పట్టేవాడు చేతులు వెనక్కి తీయడం, గాజు సామాను గడ్డిలో పెట్టి పంపడం, ఎత్తు నుంచి దూకేవాడు మోకాళ్ళు మడవడం, అన్నీ ఆ లెక్కే అని రాసి ఉంది. ఇసుక కుప్ప సంగతి రాయలేదు.

ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి అత్తకు చూపించాను.

"అత్తా, నీ గురించి రాశారిందులో."

"నా గురించా? మంచిగానే రాశారా?"

"ఆగే కాలం పెంచితే దెబ్బ తగ్గుతుందట. అందుకే చేతులు వెనక్కి తియ్యాలట."

"ఇది చెప్పడానికి పుస్తకమా?" చేతిలోకి తీసుకుని, కళ్ళతో దాని బరువు అంచనా వేసింది. "ఎంత లావుందో చూడు. రాసినోడి మీదికే ఎవడైనా విసిరితే తెలిసొచ్చేది."

నాకు నవ్వు రాలేదు. పుస్తకంలో ఇంకో పాఠం ఉంది. సమతాస్థితి. గిన్నె అడుగున గోళీ పెడితే ఎటు తోసినా తిరిగి అడుక్కే వస్తుంది, అది స్థిరం. బోర్లించిన గిన్నె మీద గోళీ పెడితే ముట్టుకుంటే చాలు పడిపోతుంది, అది అస్థిరం. చదును నేల మీద గోళీ మూడోది. తోస్తే కదులుతుంది, తోసిన చోట ఆగి అక్కడే ఉండిపోతుంది. వెనక్కి రావాలనీ ఉండదు, ముందుకు పోవాలనీ ఉండదు. దాన్ని తటస్థం అన్నారు. ముందు గదిలో కిటికీ కింద మంచం మీద కూర్చున్న అత్తను చూస్తే నాకు ఆ మూడో బొమ్మ గుర్తొచ్చేది.

నేను తోయడం మొదలుపెట్టాను. ఆమె ఈ ఇంట్లోంచి బయటికి పోవాలి, తన పని తను పట్టుకోవాలి. నాన్న ఖాళీ మంచాన్ని రోజూ చూడాలి. ఇందులో మొదటిది ఆమె కోసం, చివరిది నా కోసం. నేను పెద్దగా దాచుకోలేదు.

"ఆ టైల్సాయన్ని అడిగి రానా అత్తా?"

"నన్నెందుకు అడుగుతావు, నా వేళ్ళనడుగు."

"వేళ్ళతోనే అంతా అయిపోతుందా?"

"మరి నాలుకతోనా? అలాగైతే నీకే ఇస్తాడు పని."

అయినా వెళ్ళాను. ఆయన ముసలివాడయ్యాడు. మోకాళ్ళ మీద కూర్చోలేక చిన్న పీట వేసుకుని, పనివాళ్ళకు చెబుతూ ఉన్నాడు. అత్త పేరు చెప్పక ముందే గుర్తుపట్టాడు, మా ముక్కులు ఒకేలా ఉంటాయట. తర్వాత చేతిలోని రబ్బరు సుత్తితో పక్కనున్న టైలును తట్టాడు. గట్టి చప్పుడు వచ్చింది. ఇంకో దాన్ని తట్టాడు. డొల్లగా మోగింది.

"కింద ఖాళీ ఉంటే ఇలా మోగుతుంది. ఇది చెప్పేది చెవి, వేలు కాదు. అప్పుడు నాకు తోచలా. ఆమె చేతులు చూసి బెంగపడి వచ్చేశా." సుత్తి కింద పెట్టాడు. "రమ్మను. కానీ బతిమాలను. కోసేది అంచు. తెలియని చేతికి అంచు చాలా ప్రమాదం. అది కూడా చెప్పు."

అంతా చెప్పాను. అత్త విని "ఊఁ" అంది. మరుసటి రోజు ఎప్పటిలాగే నీళ్ళు పట్టింది. నేను మళ్ళీ అడిగాను. "చూద్దాంలే" అంది. ఒకసారి చీరకొంగు బిగించుకుని, సంచి తీసుకుని సందు చివరి దాకా వెళ్ళింది, ఇస్త్రీ ఆమెతో మాట్లాడి తిరిగి వచ్చింది. ఇంకోసారి నేను గట్టిగా అరిచాను, "నీకు అసలు కోపం రాదా?" అని. ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, జ్వరం ఉందా అని అడిగితే నుదురు తాకి చూసుకున్నట్టు. "వచ్చినట్టు లేదురా" అంది.

నేను తోసిన ప్రతిసారీ కొంచెం కదిలేది. అక్కడే ఆగేది.

ఎండలు ముదిరిన కాలంలో ఒక సాయంత్రం అందరం తినడానికి కూర్చున్నాం. అమ్మ వడ్డిస్తోంది. అత్త తన స్టీలు పళ్ళెం తనే తీసుకుని వస్తూ గుమ్మం దగ్గర జారవిడిచింది. చెమటకు జారింది, ఆమెకు తెలియలేదు, అంతే. పళ్ళెం కిందపడి గుండ్రంగా తిరిగి తిరిగి మోగి ఆగింది. ఇది అంతకు ముందూ జరిగేది. అమ్మ ఎప్పుడూ ఒంగి తీసిచ్చేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ రోజు నాన్న తల ఎత్తకుండా, ముద్ద కలుపుకుంటూ అన్నాడు:

"నీ చేతిలో వస్తువు నిలవదు. ఎప్పుడూ అంతే."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు. ఇసుక మీద పడ్డ మనిషికీ, కిటికీ కింద మంచానికీ, బిందెలో ముంచిన చేతులకూ పక్కన పెట్టి చూస్తే ఆ మాట ఎంత? వీధి కుళాయి దగ్గర రోజుకు అంతకు పదింతల మాటలు అనుకుంటారు.

అత్త గుమ్మంలోనే నిలబడింది.

"ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"ఎప్పుడూనా?"

నాన్న ముద్ద చేతిలోనే ఆగింది. అత్త వైపు చూశాడు. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగాను, ఆయన ఆమెను తిన్నగా చూడడం అప్పుడే చూశాను. వెంటనే పళ్ళెంలోకి చూసుకున్నాడు. "తిను అక్కా, చల్లారిపోతుంది" అన్నాడు.

అత్త పళ్ళెం తీసి, కడిగి, వడ్డించుకుని తినేసింది. మంచి ఆకలితో తిన్నట్టే తిన్నది. అమ్మ నా వైపు చూసి పెదవి విరిచింది, గాలివాన తప్పిందన్నట్టు.

మరుసటి ఉదయం ఆమె నీళ్ళు పట్టలేదు. రెండు చీరలు, దువ్వెన సంచిలో పెట్టుకుని గుమ్మం దాటింది. నాన్న వాకిట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఎక్కడికి వదినా?" అంది అమ్మ.

"పనికి."

"ఎవరు పెట్టుకుంటారు నిన్ను?"

"అది అడగడానికే పోతున్నా."

నాన్న చెంప మీద బ్లేడు ఆగింది. అత్త ఆయన పక్కనుంచే, ఆయన కాలు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని వెళ్ళింది. ఆమె సందు మలుపు తిరిగాక బ్లేడు మళ్ళీ కదిలింది. నేను ఎదురు చూసిన రోజు అదే. నాకు సంతోషం కలగలేదు. ఇంకేమీ కూడా కలగలేదు. చొక్కా వేసుకుని పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి, "జాగ్రత్త, పగిలే వస్తువు" అని రాసి ఉన్న పెట్టెలను మిగతావాళ్ళతో పాటు ఒకదాని మీద ఒకటి విసిరాను.

టైల్సాయన ఆమెను పెట్టుకున్నాడు. ఆమె తిరిగి రాలేదు. పని జరిగే చోటే మిగతా ఆడవాళ్ళతో ఒక గదిలో ఉంటోందని ఇస్త్రీ ఆమె ద్వారా కబురు తెలిసింది. మొదట్లో తట్టి వినే పని మాత్రమే ఇచ్చాడు. తర్వాత టైలు వేయనిచ్చాడు. మా ఇంట్లో కిటికీ కింద మంచం మీద ఆరిన బట్టలు పోగుపడ్డాయి. నాన్న ఆ మంచాన్ని చూశాడో లేదో నేను చెప్పలేను. ఒక రోజు మాత్రం, నేను చెప్పులు వేసుకుంటుంటే, గోడతో మాట్లాడినట్టు అన్నాడు, "అటేమన్నా పోతే, ఒకసారి వచ్చి పొమ్మను."

నేను వెళ్ళేసరికి ఆమె ఒక స్నానాల గదిలో ఉంది. తెల్లటి టైల్స్. సగం నేల అయింది, సగం సిమెంటు. కాళ్ళ కింద గోనె మడత వేసుకుని గొంతుక్కూర్చుని ఉంది. టైలును తడి సిమెంటు మాలు మీద ఆనించి, నాలుగు మూలలా రబ్బరు సుత్తితో తట్టి, తల ఒంచి చెవి ఒగ్గుతోంది. గట్టి సుత్తి అయితే టైలు చిట్లుతుంది. రబ్బరు ఆ దెబ్బను కొంచెం సేపు సాగదీసి ఇస్తుంది, టైలు నెమ్మదిగా కూర్చుంటుంది. పుస్తకంలోని లెక్కే. చెబుదామనుకుని చెప్పలేదు.

ఒక వరస అయ్యాక ఆమె సుత్తి పక్కన పెట్టి రెండు చేతులూ వెలుతురుకు ఎత్తి వేళ్ళను ఒక్కొక్కటిగా తిప్పి చూసుకుంది. చూపుడు వేలు పక్కన కోసుకుపోయి ఉంది. ఆమె దాన్ని గుడ్డతో చుట్టి, తెల్ల టైలు మీద పడ్డ ఎర్రటి చుక్కను తడి స్పంజితో తుడిచింది.

"నొప్పి..." అన్నాను, అని ఊరుకున్నాను.

"లేదుగా" అంది. "మొదట్లో వరసంతా అయ్యాక గానీ చూసుకునేదాన్ని కాదు. నేలంతా మరకలు. మా పెద్దాయన, 'ఏమ్మా, టైల్స్ వేస్తున్నావా, కోళ్ళు కోస్తున్నావా?' అన్నాడు. అప్పటి నుంచి ఇలా." అయిపోయిన సగం వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఎలా ఉంది?"

చూశాను. గీతలన్నీ తలుపు నుంచి గోడ దాకా తిన్నగా పోయాయి. "బాగుంది" అన్నాను.

"ఒట్టి బాగుందేనా? ఇంత చదువూ చదివి?"

"చాలా బాగుంది అత్తా."

"ఊఁ. ఇది అయిపోతే వేరే ఊరు పోతున్నాం. అక్కడ పెద్ద పనట, ఏడాది పడుతుందంటున్నారు. ఒక అంతస్తు నాకే ఇచ్చాడు. మీ అమ్మకి చెప్పు. ఆ మంచం మీద బట్టలు వేస్తున్నారట, తీసి నువ్వు పడుకో." తర్వాతి టైలు తీసుకుంది. "మీ నాన్న ఏమైనా అన్నాడా?"

"ఒకసారి వచ్చి పొమ్మన్నాడు."

"పళ్ళెం జారితే?"

నేను ఇక ఆగలేకపోయాను. "నాకు తెలుసత్తా. ఇస్త్రీ ఆమె చెప్పింది. కావాలనే కొట్టాడు కదా? నువ్వెందుకు తప్పుకోలేదు? వదిలేసి ఉంటే ఆ ఇటుక పోయేది, నీ చేతులుండేవి. వచ్చి ఆ మాట ఒక్కసారి ఆయన మొహం మీద అను. నేను పక్కన నిలబడతా."

ఆమె టైలును మాలు మీద పెట్టింది. ఒక మూల తట్టింది, విన్నది. ఇంకో మూల తట్టింది. కోపం వచ్చినట్టు లేదు. వయసు అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు గనుక, నాకు ఆమె చెప్పిన చివరి మాట అదే.

"వదిలితే కింద వాళ్ళంతా వాణ్ణి చూసి నవ్వుతారని పట్టుకున్నాను. పట్టుకున్నాన్రా, జారవిడవలేదు. ఇసుకలో పడ్డాక కూడా నా చేతుల్లోనే ఉంది. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది మీ నాన్నే. అప్పుడింకా కొంచెం తెలుస్తూనే ఉంది వేళ్ళకి. నువ్వెళ్ళి అడుగు వాణ్ణి... వద్దులే, అడక్కు. ఆ మాలు బకెట్ ఇటు జరుపు, ఎండిపోతోంది."